ఆస్బెస్టాస్ దుమ్ములో పనిచేసినవాళ్లు తమ పని చరిత్రను ఎలా రాసుకోవాలి?

ఆయాసంతో వెళ్తే డాక్టర్ సిగరెట్ అలవాటు గురించి తప్పకుండా అడుగుతారు. ముప్పై ఏళ్ల కిందట ఏం పని చేశారన్నది చాలాసార్లు అడగరు. రేకుల్లో, పైపుల పూతల్లో, బ్రేకుల్లో వాడిన నార లాంటి ఖనిజం ఆస్బెస్టాస్. దాని దుమ్ముతో వచ్చే జబ్బుల్లో అసలు ఆధారం ఆ పని చరిత్రే. దుమ్ము పీల్చినప్పుడు దగ్గు కూడా రాకపోవచ్చు. ఊపిరితిత్తులు గట్టిపడే ఆస్బెస్టోసిస్ బయటపడటానికి సాధారణంగా పదేళ్లకు పైనే పడుతుంది. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే క్యాన్సర్, మీసోథీలియోమా, 20 నుంచి 50 ఏళ్ల తర్వాత కూడా రావచ్చు. అప్పటికి ఫ్యాక్టరీ మూతపడి ఉండొచ్చు. అందుకే ఒంట్లో బాగున్నప్పుడే రాసిపెట్టుకోండి.

1. మొదటి ఉద్యోగం నుంచి వరుసగా రాయండి

ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఏ ఫ్యాక్టరీలో, ఏ విభాగంలో చేశారో రాయండి. కాంట్రాక్టర్ కింద చేసిన నాలుగు నెలల పనినీ వదలొద్దు.

"ఫిట్టర్‌ని" అని రాస్తే డాక్టర్‌కు ఏమీ తెలియదు. చేతులతో చేసిన పని రాయండి: బాయిలర్ పైపుల మీది పాత పూత గీకాను, సంచి చింపి పొడిని నీళ్లలో కలిపి మళ్లీ పూశాను, రేకులు రంపంతో కోశాను, బ్రేకుల దుమ్మును గాలి గొట్టంతో ఊదాను. మాస్క్ ఇచ్చారా? నేలను తడిపి ఊడ్చేవారా, పొడిగానే ఊడ్చేవారా? పక్కన వేరేవాళ్లు పూత గీకుతుంటే అక్కడే వైరింగ్, వెల్డింగ్ చేసినా రాయాల్సిందే. ఆ దుమ్ము మీరూ పీల్చారు.

2. ఇంట్లోవాళ్ల గురించీ రాయండి

పని బట్టలు ఎవరు దులిపారు, ఎవరు ఉతికారు? వాటికి అంటిన దుమ్మును వాళ్లూ పీల్చి ఉండొచ్చు. ఆస్బెస్టాస్ గనుల్లో ఎన్నడూ పనిచేయకుండా, వాటి దగ్గర్లో నివసించినవాళ్లకు కూడా మీసోథీలియోమా వచ్చిందని 1960లోనే దక్షిణాఫ్రికా వైద్యులు వాగ్నర్, స్లెగ్స్, మార్చండ్ ప్రచురించారు.

3. ఆధారాలు జతచేయండి

గుర్తింపు కార్డు, జీతం చీటీలు, సర్వీస్ సర్టిఫికెట్. ఇవేవీ లేకపోతే కలిసి పనిచేసినవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకోండి. వాళ్లు బతికుండగానే ఈ పని చేయడం మంచిది.

4. ఆ కాగితం ఊపిరితిత్తుల డాక్టర్ చేతికి ఇవ్వండి

ఎక్స్‌రే మామూలుగా ఉందంటే జబ్బు లేదని కాదు, తొలిదశ అందులో కనిపించకపోవచ్చు. సీటీ స్కాన్, శ్వాస సామర్థ్య పరీక్ష అవసరమా అని అడగండి. పాత ఎక్స్‌రేలు పారేయకండి, మార్పు తెలిసేది పోల్చి చూసినప్పుడే. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొర మీద మచ్చలు ఉన్నాయంటే వెంటనే టెన్షన్ పడొద్దు. అవి క్యాన్సర్ కాదు, దుమ్ము పీల్చారనడానికి గుర్తు. ఆయాసం పెరగడం, తగ్గని దగ్గు, ఛాతీనొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, దగ్గులో రక్తం పడటం ఉంటే మాత్రం ఆలస్యం చేయొద్దు.

సిగరెట్ తాగుతుంటే ఈరోజే మానండి. ఆస్బెస్టాస్, పొగ రెండూ కలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఏ ఒక్కదానితో వచ్చేదానికన్నా చాలా ఎక్కువ.

5. జబ్బు నిర్ధారణ అయితే

జబ్బు పేరు, తేదీ, పనితో దానికున్న సంబంధం డాక్టర్‌తో రాతపూర్వకంగా తీసుకోండి. నష్టపరిహారం అడగడానికి గడువు ఉండొచ్చు కాబట్టి కార్మిక సంఘాన్నో న్యాయవాదినో ఆ వారంలోనే కలవండి. అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వొద్దు, జిరాక్స్‌లే ఇవ్వండి.