వ్యానులో చవక ఎల్‌ఈడీ ప్యానెళ్లు బిగించే ముందు జాగ్రత్తలు

ముందు మల్టీమీటర్ తియ్యండి. ఇంజిన్ ఆపి బ్యాటరీ దగ్గర ఓసారి, స్టార్ట్ చేసి ఓసారి ఓల్టేజి చూడండి. 12 ఓల్టుల బండి అన్నమాటేగానీ, ఇంజిన్ నడుస్తుంటే 14.4 దాకా వెళ్తుంది. చవక ప్యానెళ్లు మాడేది ఇక్కడే. వాటిలో మూడేసి ఎల్‌ఈడీలను వరసగా కలిపి, కరెంటును అదుపు చేయడానికి ఒక రెసిస్టర్ పెడతారు. ఎల్‌ఈడీలు 9.3 ఓల్టులు తీసుకుంటే, 12 దగ్గర రెసిస్టర్ మీద పడేది 2.7, 14.4 దగ్గర 5.1. కరెంటు దాదాపు రెట్టింపు! కొన్నాళ్లకే మినుకుమినుకుమని ఆరిపోతాయి.

అందుకే 9–30 ఓల్టులు తట్టుకునే ఎల్‌ఈడీ డ్రైవర్ (ఓల్టేజి మారినా కరెంటును నిలకడగా ఉంచే సర్క్యూట్) ఉన్నదే కొనండి. 24 ఓల్టుల బస్సుకైతే ఇది తప్పనిసరి.

బిగించే ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ ఊడదీయండి. 6 వాట్లవి నాలుగైతే మొత్తం 2 ఆంపియర్లు. 3 ఆంపియర్ల ఫ్యూజు, 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగ సరిపోతాయి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి, ప్యానెల్ దగ్గర కాదు.

కళింగపట్నం, భావనపాడు లాంటి సముద్రతీర ఊళ్ల వైపు తిరిగే బండ్లకు ఉప్పుగాలి పెద్ద శత్రువు. తీగలు మెలిపెట్టి టేపు చుట్టి వదిలేస్తే జాయింటు పచ్చగా చిలుము పడుతుంది. టంకం వేసి, వేడికి బిగుసుకునే స్లీవు తొడగండి.

చివరగా ఇంజిన్ ఆన్‌లో గంటసేపు వెలిగించి, ప్యానెల్ వెనక వేలు పెట్టండి. అయిదు సెకన్లు ఆనించలేకపోతే రెక్సిన్ సీలింగుకు అంటించొద్దు, వెనక అల్యూమినియం పట్టీ వెయ్యండి. ఎఫ్ఎం రేడియోలో గరగర వస్తోందా? ఎల్‌ఈడీ డ్రైవర్ నాసిరకం, వెనక్కిచ్చేయండి.