మీ నగరపు రాత్రి వెలుగును పరిశీలించి, ఆన్‌లైన్ గోష్ఠిలో చర్చించడం ఎలా?

నగరాల దీపకాంతి మీద జరిగే ఆన్‌లైన్ గోష్ఠులు చాలావరకు అందమైన ఫొటోల ప్రదర్శనగా మొదలై, ఎవరి ఊరు ఎక్కువగా మెరుస్తోందన్న పోటీతో ముగుస్తుంటాయి. ఒక వీధిలో ఎంత వెలుగు ఉందన్నదాని కంటే ఆ వెలుగు ఎక్కడ పడుతోంది, ఎవరికి పనికొస్తోంది అన్నదే ముఖ్యం. వేర్వేరు ఊళ్లవారు ఒకే పద్ధతిలో తమ వీధులను చూసి వచ్చి మాట్లాడుకుంటే తప్ప ఈ సంగతి బయటపడదు. ఆ పద్ధతిని హైదరాబాదు పాతబస్తీ ఉదాహరణగా ఇక్కడ వివరిస్తున్నాను.

దారిని, వేళను ఎంచుకోవడం

కిలోమీటరు లోపు నడకదారి ఒకటి చాలు, కానీ అందులో రకరకాల వెలుగులు ఉండాలి. మదీనా నుంచి పత్తర్‌గట్టి, గుల్జార్ హౌజ్ మీదుగా చార్మినార్ చేరి లాడ్ బజారులోకి తిరిగితే, రాతి కమానుల కింది దుకాణాల దీపాలు, 1591 నాటి కట్టడం మీద పడే ఫ్లడ్‌లైట్లు, గాజుల కొట్ల ధగధగలు, పక్క గల్లీలో ఒంటరి వీధి దీపం అన్నీ ఒకే నడకలో కనిపిస్తాయి. దుర్గం చెరువు తీగల వంతెన కూడా చూడదగ్గదే. అయితే అక్కడి దీపాలు దూరం నుంచి చూసి మెచ్చుకోవడానికి అమర్చినవి కాబట్టి, నడిచేవాడి అవసరం గురించి అవి నేర్పేది తక్కువని నా అభిప్రాయం.

సూర్యాస్తమయమైన అరగంటలోపు, ఆకాశంలో నీలిరంగు ఇంకా మిగిలి ఉండగా ఒకసారి, దుకాణాలు మూసిన తర్వాత మరోసారి అదే దారిలో నడవండి. మన బజార్లలో వెలుగులో పెద్ద వాటా వీధి దీపాలది కాదు, కొట్లదేనన్న సంగతి షట్టర్లు దిగాక గాని అర్థం కాదు. రెండో నడకకు ఒంటరిగా వెళ్లకండి.

దేనిని చూడాలి

ముందుగా రంగును గమనించండి. పాత సోడియం దీపం సుమారు 2000 కెల్విన్ల (కాంతి రంగును చెప్పే కొలమానం, అంకె పెరిగేకొద్దీ నీలిఛాయ పెరుగుతుంది) నారింజ రంగు కాంతినిస్తే, వీధుల్లో పెట్టే తెల్లని ఎల్ఈడీలు చాలాచోట్ల 5000 కెల్విన్లకు పైబడి నీలిఛాయతో ఉంటాయి. లాడ్ బజారులో రాళ్లు పొదిగిన ఎర్రని లక్క గాజును కొట్టు దీపం కింద చూస్తే ఎరుపు ఎరుపుగానే కనిపించి, చేతిని కాస్త తిప్పగానే ఒక్కో రాయి విడిగా మెరుస్తుంది. అదే గాజును ఇంకా ఎక్కడైనా మిగిలి ఉన్న సోడియం దీపం కిందికి తీసుకువెళితే ఎరుపు మట్టిరంగులోకి దిగిపోతుంది, రాళ్లన్నీ ఒకే పసుపులో కలిసిపోతాయి. రంగులను యథాతథంగా చూపే గుణానికి 100 గరిష్ఠమనుకుంటే, సోడియం దీపానికి దక్కేది 25 దరిదాపుల్లోనే. మంచి ఎల్ఈడీకి 80 పైనే ఉంటుంది.

ఆ తర్వాత కంటికి కొట్టే వెలుగును పరీక్షించండి. దీపం ఎదురుగా నిలబడి, అరచేతిని చాచి దీపాన్ని మాత్రమే మరుగుపరచండి. అలా చేయగానే దాని వెనుకనున్న మనిషో, ఫుట్‌పాత్ మీది గుంటో ఇంతకుముందు కంటే స్పష్టంగా కనబడితే, ఆ దీపం మనకు సాయపడటం మాని అడ్డుపడుతోందని తేలినట్టే. హోర్డింగుల దగ్గర, ఏటవాలుగా బిగించిన ఫ్లడ్‌లైట్ల దగ్గర ఈ పరీక్ష తప్పక చేయాలి. చెట్టు కొమ్మల పైన వెలుగుతూ ఆకులకు తప్ప నేలకు వెలుగివ్వని దీపాలను కూడా లెక్కపెట్టండి. ఏ ఊళ్లోనైనా వాటికి కొదవ ఉండదు.

కొలత

ఆండ్రాయిడ్ ఫోనులో లక్స్ మీటరు యాప్ (ఒక చోట పడే వెలుగును లక్స్ అనే ప్రమాణంలో కొలిచేది) వేసుకుని, ఫోనును వెల్లకిలా నేలమీద ఉంచి, మీ నీడ పడకుండా పక్కకు జరిగి, స్తంభం కింద ఒకటి, రెండు స్తంభాల నట్టనడుమ ఒకటి చొప్పున అంకెలు రాసుకోండి. ఫోను చెప్పే లక్స్ విలువ కచ్చితమైనది కాదు గాని, రెండు చోట్లకూ మధ్య నిష్పత్తి పనికొస్తుంది. వీధి దీపాలపై భారతీయ ప్రమాణమైన ఐఎస్ 1944 అతిముఖ్యమైన రహదారులకు సగటున 30 లక్స్, చిన్న వీధులకు 4 లక్స్ సూచిస్తూ, సగటుతో పోలిస్తే అతి తక్కువ వెలుగు ఎంత మేరకు తగ్గవచ్చో కూడా చెబుతుంది. నిండు పున్నమి వెన్నెల ఒక లక్స్‌లో మూడో వంతుకు కూడా రాదు. అందుకే తక్కువ అంకె కనిపించగానే చీకటని కంగారు పడకండి. వెలుగులోంచి చీకట్లోకి, మళ్లీ వెలుగులోకి మారుతూ నడవాల్సి వచ్చే వీధే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

ఫొటోలు

ఫోనులోని నైట్ మోడ్‌ను ఆపేయండి, ఎందుకంటే అది చీకటిని తుడిచేసి, నారింజను తెలుపుగా దిద్ది, గల్లీనీ బజారునూ ఒకేలా చూపిస్తుంది. విలువలను మనమే పెట్టుకునే ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) 4000 కెల్విన్లు, షట్టర్ (కాంతిని లోపలికి రానిచ్చే సమయం) సెకనులో 50వ వంతు, ఐఎస్ఓ (కాంతికి కెమెరా స్పందించే తీవ్రత) 800 అని నిర్ణయించి, గోష్ఠిలో పాల్గొనే అందరూ అవే విలువలతో తీయాలని ముందే ఒప్పుకోండి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకు 50 ఆవృత్తాలు, ఒక్కో ఆవృత్తంలో వెలుగు రెండుసార్లు పెరిగి తగ్గుతుంది కాబట్టి నాసిరకం దీపాలు సెకనుకు 100 సార్లు రెపరెపలాడతాయి, ఇంకా వేగమైన షట్టర్‌తో తీస్తే ఫొటోలో అడ్డచారలు పడే అవకాశముంది. అమెరికాలో ఉన్నవారు అక్కడి 60 హెర్ట్జ్‌కు తగినట్టు 60వ వంతు పెట్టుకోవాలి. ఇళ్ల కిటికీలు, మనుషుల ముఖాలు ఫొటోలోకి రానివ్వకండి.

గోష్ఠి నడపడం

ఫొటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించుకుపోయి నీడలన్నీ మచ్చలవుతాయి. డాక్యుమెంటుగా పంపండి, లేదా అందరికీ అందే డ్రైవ్‌లో రెండు రోజులు ముందే పెట్టండి. వేసవిలో ఆదివారం సాయంత్రం ఏడున్నరకు పెట్టుకుంటే లండన్‌లో మధ్యాహ్నం 3, న్యూయార్క్‌లో ఉదయం 10 గంటలవుతుంది కనుక విదేశాల్లోని తెలుగువారికీ వీలు పడుతుంది.

ఒక్కొక్కరికి మూడు ఫొటోలు, ఒక కొలత, ఒక ప్రశ్న మించి సమయం ఇవ్వకండి. వాస్తుశిల్పులు, ఫొటోగ్రాఫర్లు అడగకుండానే వస్తారు. రాత్రి ఒంటిగంటకు షిఫ్టు ముగించుకుని వచ్చే నర్సును, టిఫిన్ బండి నడిపే మనిషిని, స్తంభమెక్కి దీపం మార్చే ఎలక్ట్రీషియన్‌ను మాత్రం పనిగట్టుకుని పిలవాలి, వారికి ముందుగా మాట్లాడే అవకాశమివ్వాలి.

చర్చకు ఊతమిచ్చే ఉదాహరణలు కొన్ని దగ్గర పెట్టుకోండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను దెబ్బతీసిన విశాఖలో ఆ తర్వాత వీధి దీపాలను ఎల్ఈడీలకు మార్చారు. 2015 జనవరిలో దేశమంతటా వీధి దీపాలను ఎల్ఈడీలకు మార్చే జాతీయ పథకమే మొదలైంది. నారింజ రాత్రులను ఎరిగిన విశాఖవాసులను ఏం మారిందో చెప్పమనండి. అదే తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ తాబేళ్ల పిల్లలు సముద్రపు మెరుపు వైపు పోవాల్సింది రోడ్డు దీపాల వైపు దారి తప్పే ప్రమాదముందన్న సంగతి కూడా ఆ చర్చలోకి రావాలి. ఫ్రాన్స్‌లోని లియోన్ నగరం 1989లోనే దీపకాంతికి ప్రత్యేక ప్రణాళిక వేసుకుంది, 2002లో ఆ నగరం చొరవతోనే దీపకాంతిపై కలిసి పనిచేసే లూసీ అనే నగరాల సంఘం ఏర్పడింది. కట్టడాలకు దీపాలు పెట్టడాన్ని, వీధుల్లో దీపాలు పెట్టడాన్ని కలిపి ఆలోచించడం ఎలాగో తెలుసుకోవాలంటే లియోన్ మంచి ఉదాహరణ.

గోష్ఠి అయ్యాక వచ్చిన ఫిర్యాదులను వేరుచేసి, స్తంభం మీద రాసి ఉన్న నంబరు, చూసిన వేళ, రెండు లక్స్ అంకెలతో సహా మున్సిపాలిటీకి పంపండి. "మా వీధి చీకటిగా ఉంది" అని రాస్తే ఇంకో పెద్ద దీపం తెచ్చి బిగిస్తారు. "దీపం కొమ్మల పైన ఉంది, కిందికి దించండి" అని రాస్తే ఏ పని చేయాలో వారికి తెలుస్తుంది.