తాతల నాటి చేనును అడవిగా, నడకదారిగా మార్చడం ఎలా?

సూర్యాపేట జిల్లా రాఘవాపురంలో దుశర్ల సత్యనారాయణ గారి అడవి గురించి వినే ఉంటారు. బ్యాంకు ఉద్యోగం వదిలేసిన మనిషి. తాతముత్తాతల నుంచి వచ్చిన 70 ఎకరాలను చెట్లకీ పిట్టలకీ వదిలేశారు. ఆ కథ విని "మన చేను కూడా అలా చేస్తే?" అనుకునేవాళ్లు చాలామందే. అంత భూమి అక్కర్లేదు. మూడు నాలుగెకరాల మెట్ట, బోలెడంత ఓపిక ఉంటే మొదలుపెట్టొచ్చు.

ముందు ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టండి. పట్టా ఎవరి పేరున ఉంది, అన్నదమ్ములు, ఆడపడుచులు ఏమంటారు, రేపు పంపకాలొస్తే చెట్ల సంగతేంటి? ఇవన్నీ కాగితం మీద పెట్టుకోండి. సర్వేయర్‌తో కొలిపించి హద్దురాళ్లు పాతించండి. ఈ పని అయ్యేదాకా ఒక్క మొక్క కూడా కొనొద్దు.

ఆ తర్వాత కూడా కొనొద్దు. మొదటి ఏడాదంతా దున్నకం ఆపి, పశువులు దిగకుండా చూసి, ఊరికే నడవండి. వాన పడుతున్నప్పుడు గొడుగేసుకుని వెళ్లి నీళ్లు ఎటు పారుతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో చూడండి. ఎన్నేళ్లు దున్నినా మోదుగ, తునికి, రేగు లాంటివి వేళ్లలో ప్రాణం పెట్టుకుని ఉంటాయి. నాగలి ఆగగానే ఒక్కో మోడు నుంచి ఏడెనిమిది పిలకలు లేస్తాయి. వాటిలో నిటారుగా, బలంగా ఉన్న ఒకటి రెండు ఉంచి మిగతావి కోసేయండి. నర్సరీ మొక్క వేరు పట్టేసరికి ఈ పిలక మీ భుజం దాకా వస్తుంది. గట్ల మీద పిట్టలు వేసిన గింజల నుంచి వేప, నేరేడు వాటంతటవే మొలుస్తాయి. రెండో వానాకాలంలో ఖాళీగా మిగిలిన చోట మాత్రం కానుగ, ఇప్ప, ఉసిరి, మేడి పెట్టుకోండి. అందంగా ఉంటాయని కోనోకార్పస్ మొక్కలు మాత్రం తేవద్దు.

సర్కారు తుమ్మను పైపైన నరికితే లాభం లేదు, మళ్లీ చిగురిస్తుంది. వేరుతో తవ్వాలి. అలాగని అంతా ఒకేసారి తీసేయకండి, పిట్టల గూళ్లు ఉంటాయి. వయ్యారిభామను పూత రాకముందే, చేతులకు గ్లౌజులు వేసుకుని పీకాలి.

పల్లంలో ఒక కుంట తవ్వించండి. ఒక ఒడ్డును ఏటవాలుగా వదలండి. నీళ్లకు దిగిన కుందేలో, ముంగిసో మళ్లీ ఎక్కాలి కదా.

ఇక అడవి చూడ్డానికి వచ్చేవాళ్లు నడిచే దారి. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్తాను. గుట్ట మీద నుంచి కుంట దాకా దారిని తిన్నగా కిందికి వేయించాను. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. రెండు పెద్ద వానలకే అది మోకాలి లోతు వాగైపోయింది, కుంట నిండా ఒండ్రు. దారి ఎప్పుడూ వాలుకు అడ్డంగా, వంపులు తిరుగుతూ దిగాలి. పది అడుగులు నడిస్తే ఒక అడుగుకు మించి ఎక్కకూడదు, దిగకూడదు.

వాలు కొలవడానికి యంత్రాలు అక్కర్లేదు. ఏడడుగుల కర్రలు రెండు తీసుకుని పైన కలిపి కట్టండి. కాళ్లు రెండూ విడదీసి నడుమ అడ్డకర్ర బిగించండి. పై కొస నుంచి దారానికి రాయి వేలాడదీయండి. నేల మీద నిలబెట్టి, దారం అడ్డకర్రను తాకే చోట గీత గీయండి. ఇప్పుడు కాళ్ల చోట్లు మార్చి మళ్లీ గీత గీయండి. రెండు గీతల నడిమధ్యకు దారం వస్తే రెండు కాళ్లూ సమానమైన ఎత్తులో ఉన్నట్టు. అలా కాళ్లు ఆనిన చోటల్లా గుర్తుగా పుల్లలు పాతుకుంటూ పోతే వాలుకు అడ్డంగా గీత పడుతుంది. దారిని దాని పక్కన కొద్దికొద్దిగా దించుకుంటూ వెళ్లండి. మూడు నాలుగడుగుల వెడల్పు చాలు. పల్లం వైపు అంచు కాస్త వంగి ఉంటే నీళ్లు దారి వెంట పారకుండా పక్కకు జారిపోతాయి. సిమెంటు, టైల్స్ వద్దే వద్దు.

మనుషులను రానిచ్చే ముందు మూడు పనులు. ఎండాకాలానికి ముందే హద్దు వెంట ఎండుగడ్డి గీకేసి ఫైర్ లైన్ తీయండి, ఒక్క బీడీ ముక్క చాలు మొత్తం కాలిపోవడానికి. పాము కరిస్తే వెళ్లాల్సిన దగ్గరి ఆసుపత్రిలో విరుగుడు ఇంజెక్షన్ ఉందో లేదో ముందే కనుక్కోండి. గదులు, క్యాంటీన్ లాంటివి కట్టే ఆలోచన ఉంటే భూమి వాడకం మార్పు అనుమతుల గురించి తహసీల్దార్ ఆఫీసులో అడగండి. చెట్టు కొట్టాలన్నా వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం ఉందని మర్చిపోవద్దు.

అన్నట్టు, మేకల కాపరులతో ముందే మాట్లాడండి. ఇన్నాళ్లూ మీ బీడులో మేపుకున్నవాళ్లు, కంచె వేస్తే వాళ్లకు కడుపు మండుతుంది. మా దగ్గర ఒక పక్క ఎకరం మేతకే వదిలేశాం. ఆ కాపరుల్లో ఒకాయనే ఇప్పుడు వచ్చినవాళ్లను వెంటబెట్టుకుని తిప్పుతాడు. అడవి పందుల అడుగులేవో, కుందేలు పెంటికలేవో నాకంటే ఆయనకే బాగా తెలుసు.