తక్కువ గ్రేడు వచ్చిందని కాలేజీకి చెప్పాలా? చెబితే ఎలా చెప్పాలి?

ద్వారకానగర్ కన్సల్టెన్సీల్లో తయారయ్యే ఎస్‌ఓపీలను (ఏం చదవాలనుకుంటున్నారో, ఎందుకో చెబుతూ అప్లికేషన్‌తో పంపే వ్యాసాలను) నమ్మితే, విశాఖ ఇంజినీరింగ్ పిల్లల్లో సగం మందికి మూడో సెమిస్టర్‌లోనే టైఫాయిడ్ వచ్చింది. మిగతా సగం మందికి సరిగ్గా పరీక్షల వారంలోనే తాతయ్య పోయాడు. నేను ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. దసరా సెలవులయ్యాక ఫైనలియర్ పిల్లలు అమెరికా ఎమ్మెస్ అప్లికేషన్లు పట్టుకుని స్టాఫ్‌రూమ్‌కి వస్తారు, 'సార్, ఒకసారి చూడండి' అని. చూస్తే మళ్లీ అదే టైఫాయిడ్. వాళ్లలో నిజంగా జ్వరం పడ్డవాడు కూడా ఉంటాడు. ఈ గుంపులో వాడి మాట కూడా ఎవరూ నమ్మరు కదా అని నా బాధ.

తప్పంతా పిల్లలదే అనను. ఇక్కడ మనల్ని ఎవరూ కారణం అడగరు. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో ర్యాంకు, ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లిచ్చే జోసాలో ర్యాంకు, అంతే. ఎందుకు తగ్గిందో చెప్పుకోవడానికి ఆ స్క్రీన్ మీద చోటే ఉండదు. అలా పెరిగినవాడికి అమెరికా యూనివర్సిటీ ఒక ఖాళీ పెట్టె చూపించి 'ఇంకేమైనా చెప్పాలా?' అని అడిగేసరికి, కొందరు బెదిరిపోయి ఏమీ రాయరు. ఎక్కువమంది, కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుందన్న సంగతి మరిచిపోయి, ఇంటి గుట్టంతా రాసేస్తారు.

ముందు కాగితాలు

సెమిస్టర్ మెమోలు, కన్సాలిడేటెడ్ మెమో, రీవాల్యుయేషన్‌కి పెట్టి ఉంటే ఆ మెమోలు. అన్నీ వరుసలో పెట్టి, ఏ సబ్జెక్టు ఏ నెలలో తప్పారో, ఏ నెలలో పాసయ్యారో ఒక తెల్లకాగితం మీద రాసుకోండి. ట్రాన్స్‌క్రిప్ట్‌లకు, అంటే యూనివర్సిటీ ఇచ్చే అధికారిక మార్కుల పత్రాలకు, ముందే దరఖాస్తు పెట్టండి. జేఎన్‌టీయూ కాకినాడ నుంచి విడివడి జేఎన్‌టీయూ గురజాడ 2022లో విజయనగరంలో ఏర్పడింది కాబట్టి, సీనియర్ కాకినాడ వెళ్లాడని మీరూ కాకినాడ బస్సెక్కకుండా మీ బ్యాచ్ ఏ యూనివర్సిటీ కిందికి వస్తుందో చూసుకోండి.

అసలు చెప్పాలా వద్దా

ఒక్క గ్రేడు తగ్గినందుకు వివరణ రాయకండి. ఇంజినీరింగ్ డ్రాయింగ్‌లో సీ వచ్చింది, మీరు కంప్యూటర్ సైన్స్‌కి అప్లై చేస్తున్నారు. చదివేవాడు దాన్ని గమనించి కూడా ఉండడు. మీరు రాస్తే గమనిస్తాడు.

నా లెక్కలో వివరణ అవసరమైనవి మూడే. ఒక సెమిస్టర్ మొత్తం దెబ్బతిని తర్వాత కోలుకున్నారు, దానికి మీ చేతిలో లేని కారణం ఉంది, ఆ కారణం ఇప్పుడు లేదు. ఇది మొదటిది. మీరు చేరబోయే కోర్సుకు పునాది అయిన సబ్జెక్టులోనే గ్రేడు పడిపోవడం రెండోది. డేటా సైన్స్‌కి వెళ్తూ ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్‌లో బొటాబొటీగా పాసైతే దాన్ని దాటవేయలేరు. ఇక మూడోది, మన రాష్ట్రం దాటితే అర్థం కాని విషయం. 2021లో కోవిడ్ వల్ల ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్ పరీక్షలు రద్దయ్యాయి. పదో తరగతి మార్కులు, ఫస్టియర్ మార్కులు కలిపి లెక్కగట్టి ఇచ్చారు. 2020 టెన్త్ బ్యాచ్‌ను పరీక్ష లేకుండానే పాస్ చేశారు. ఇవి ఇక్కడ ప్రతి ఇంట్లో తెలిసిన సంగతులే, ఒహాయోలో ఫైలు చదివే మనిషికి తెలియాలని లేదు. ఒక్క వాక్యంలో చెప్పేయండి.

కారణం సినిమాలు, క్రికెట్, హాస్టల్లో తెల్లారేదాకా కబుర్లు అయితే? చెప్పకండి. దాని బదులు జ్వరమూ తెప్పించకండి. తర్వాతి సెమిస్టర్లలో గ్రేడ్లు బాగుంటే చదివేవాడు వాటిని కూడా చూస్తాడు. పంతొమ్మిదేళ్ల కుర్రాడు ఒక సెమిస్టర్ దారి తప్పడం వాళ్లకు కొత్తేమీ కాదు.

అయితే వివరణ వేరు, అడిగిన ప్రశ్నకు జవాబు వేరు. ఫారంలో బ్యాక్‌లాగ్‌లు (తప్పిన సబ్జెక్టులు) ఎన్ని అని అడిగితే నిజం రాయాల్సిందే. ఇప్పటికీ మిగిలినవి ఎన్ని అని అడుగుతున్నారా, మొదటి నుంచీ మొత్తం ఎన్ని అని అడుగుతున్నారా అన్నది రెండుసార్లు చదవండి. 'క్లియర్ చేసినవి లెక్కలోకి రావు బాబూ' అని కౌంటర్లో ఎవరో చెప్పిన మాట మీద సున్నా వేయకండి. మెమోల మీద నెల, సంవత్సరం ఉంటాయి.

ఇదంతా ప్రధానంగా అమెరికాకు వర్తిస్తుంది. జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీలు చాలావరకు మన మార్కులను బవేరియన్ ఫార్ములాతో తమ స్కేలులోకి మార్చుకుని చూస్తాయి. అక్కడ ఈ కథలకు చోటు తక్కువ.

రాయడం: అందరూ బోల్తా పడేది ఇక్కడే

ముందు పెన్నుతో, తెలుగులో, మీ పెద్దనాన్నకు చెబుతున్నట్టు రాయండి. కంప్యూటర్ ముందు కూర్చుని నేరుగా ఇంగ్లిష్‌లో మొదలుపెడితే ఎక్కడో చదివిన వాక్యాలే చేతికొస్తాయి. ఏఐ యాప్‌కి 'నా బ్యాక్‌లాగ్‌లకు కారణం రాయి' అని చెబితే ఇంకా ఘోరం. మీకు లేని పట్టుదలనూ, మీరు పడని క్షోభనూ కలిపి రాసిపెడుతుంది. పెద్దనాన్నతో ఎవరూ 'అనుకోని పరిస్థితుల వల్ల నా పూర్తి సామర్థ్యం కనబరచలేకపోయాను' అనరు. 'నాన్నకి ఆపరేషన్ అయింది పెదనాన్నా, నేను ఆస్పత్రిలో ఉండిపోయాను' అంటారు. మనకు కావలసింది ఆ రెండో వాక్యమే.

ఇంగ్లిష్‌లోకి మార్చేటప్పుడు ఈ వరుస తప్పనివ్వకండి: ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, దానివల్ల మెమోలో ఏమైంది, ఎలా సరిచేసుకున్నారు, ఇప్పుడు ఎలా ఉంది. నాలుగైదు వాక్యాలు దాటకూడదు. ఉదాహరణకు ఒక కల్పిత విద్యార్థి పేరా ఇలా ఉంటుంది:

'2023 నవంబరులో మా నాన్నగారికి గుండె ఆపరేషన్ జరిగింది. ఇంట్లో పెద్దవాణ్ని నేనే కావడంతో ఐదు వారాలు ఆయన దగ్గరే ఉన్నాను. ఆ మూడో సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు తప్పి, 2024 మేలో రెండూ పాసయ్యాను. నాన్నగారు కోలుకుని తిరిగి ఉద్యోగంలో చేరారు. ఆ తర్వాత ఏ సెమిస్టర్‌లోనూ నా గ్రేడు సగటు 8 కంటే తగ్గలేదు.'

ఇందులో దురదృష్టం అన్న మాట లేదు, క్షమాపణ లేదు. నాన్నగారు కోలుకున్నారన్న వాక్యాన్ని మాత్రం తీసేయకండి. పిల్లలు తరచూ మరిచిపోయేది దాన్నే. అది లేకపోతే చదివేవాడికి ఒక అనుమానం మిగిలిపోతుంది: రేపు ఇక్కడికొచ్చాక మళ్లీ ఇదే జరిగితే? కష్టం ఎంత పెద్దదో చెప్పడం కంటే అది తీరిపోయిందని చెప్పడం ముఖ్యం.

ఎంతవరకు చెప్పాలన్నది ఇంకో చిక్కు. ఆర్టీసీ బస్సులో కండక్టర్‌కి చిల్లర ఇచ్చినట్టు, ఎంత అవసరమో అంతే. మీ ఆరోగ్యం విషయమైతే జబ్బు పేరు, మందుల పేర్లు, స్కానింగ్ రిపోర్టులు అక్కర్లేదు. ఫలానా నెలల్లో ఆరోగ్య సమస్య, చికిత్స తీసుకున్నాను, తగ్గింది. మానసిక ఆరోగ్యం విషయంలోనూ ఇంతే చెప్పండి, ఎక్కువ చెప్పాల్సిన బాధ్యత మీకు లేదు. అమ్మానాన్నల గొడవలు, అప్పులు, కోర్టు కేసులు అయితే రాసేముందు ఇంట్లో అడగండి. అది మీ ఒక్కరి కథ కాదు. మెడికల్ కాగితాలు వాళ్లు అడిగితే తప్ప జతచేయకండి, కానీ ఫైల్లో ఉంచుకోండి.

నింద అసలు వద్దు. 'మా యూనివర్సిటీలో వాల్యుయేషన్ చాలా కఠినం', 'మా లెక్చరర్ సగం సిలబస్ చెప్పలేదు'. నిజమే కావచ్చు, నేనూ కాదనను. చదివేవాడికి మాత్రం అందులో ఫిర్యాదే కనిపిస్తుంది. మీ కాలేజీలో మార్కులు నిజంగానే గట్టిగా వేస్తుంటే దాన్ని చూపించడానికి వేరే దారి ఉంది: క్లాసులో మీ స్థానం. 7.4తో బ్రాంచిలో మొదటి పదిమందిలో ఉంటే ఆ ఒక్క మాట లెక్చరర్ లేఖలో రావాలి. మీ గ్రేడును సొంతంగా అమెరికావాళ్ల 4 పాయింట్ల స్కేలులోకి లెక్కగట్టి రాయడం కూడా వద్దు, అడిగితే తప్ప. మార్చుకోవలసింది వాళ్లు.

పునాది సబ్జెక్టులో గ్రేడు తగ్గి, చెప్పుకోదగ్గ కారణమేదీ లేనివాళ్లు కారణాన్ని వదిలేసి తర్వాత చేసింది రాయాలి. అదే సబ్జెక్టు ఎన్‌పీటీఈఎల్‌లో (ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల్లో) చేసి ప్రొక్టర్డ్ పరీక్ష, అంటే పర్యవేక్షకుల ముందు కూర్చుని పరీక్ష, రాశారా, గేట్ స్కోరుందా, దానిమీద ప్రాజెక్టు చేశారా? ఊరికే వీడియోలు చూసి డౌన్‌లోడ్ చేసుకున్న సర్టిఫికెట్లను నేను లెక్కలోకి తీసుకోను, మీరూ తీసుకోకండి. ఏదీ చేయకపోతే ఏమీ రాయకుండా ఉండటమే మంచిది.

అబద్ధం సంగతి కూడా చెప్పాలి. ఎవరు కనిపెడతారులే అనుకుంటారు. రేపు హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో వీసా ఇంటర్వ్యూలో బ్యాక్‌లాగ్‌ల గురించి అడిగితే, కన్సల్టెన్సీ కుర్రాడు మీ పేరుతో ఏం రాశాడో మీకే గుర్తుండదు. నిజం అయితే బట్టీ పట్టక్కర్లేదు.

ఎక్కడ పెట్టాలి

అప్లికేషన్లో అడిషనల్ ఇన్ఫర్మేషన్ పెట్టె ఉంటే అక్కడే. ఇంటర్ తర్వాత నేరుగా అమెరికాలో డిగ్రీకి వెళ్లేవాళ్లకు కామన్ యాప్‌లోనూ (చాలా కాలేజీలకు కలిపి ఒకటే అప్లికేషన్) అలాంటి చోటుంది. పెట్టె మూడు వందల పదాలు పట్టినా మీ నాలుగైదు వాక్యాలే పెట్టండి. విడిగా చోటు లేకపోతే ఎస్‌ఓపీలో చివరి నుంచి రెండో పేరా. మొదటి పేరాలో మాత్రం ఎప్పుడూ వద్దు. మీరెవరో, ఏం చదవాలనుకుంటున్నారో తెలియకముందే మీ సప్లీల గురించి వినాలని ఎవరికుంటుంది?

రెండు చోట్లా పెట్టినవాళ్లూ ఉన్నారు. ఒక చోటే.

లెక్చరర్‌తో చెప్పించండి

మీ కష్టకాలం కళ్లారా చూసిన లెక్చరర్ తన సిఫారసు లేఖలో ఒక వాక్యం రాస్తే, మీరు రాసిన పేజీ కంటే బలం ఎక్కువ. కానీ మన దగ్గర ఆనవాయితీ ఏమిటి? 'నువ్వే రాసుకు రా, సంతకం పెడతాను.' అప్పుడు ఎస్‌ఓపీ, మూడు లేఖలు ఒకే గొంతుతో, ఒకే కామాలతో వెళ్తాయి. హెచ్‌ఓడీ హోదా చూసి అడగకండి, మిమ్మల్ని ల్యాబ్‌లో రోజూ చూసిన అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని అడగండి. తేదీలు, సబ్జెక్టులు రాసిన ఆ తెల్లకాగితం ఆయన చేతిలో పెట్టి, మిగతాది ఆయన్నే రాయమని మర్యాదగా బతిమాలండి.

ఇదంతా నవంబరులో చేయండి. చాలా యూనివర్సిటీల గడువు డిసెంబరు 15, జనవరి 15 ప్రాంతంలో ఉంటుంది. జనవరి 15 అంటే సంక్రాంతి. ఆ వారం మీ లెక్చరర్ ఏ నర్సీపట్నం అవతలి పల్లెలోనో ఉంటాడు, అక్కడ సిగ్నల్ ఉండదు, ఉన్నా ఫోన్ ఎత్తడు. నేనైతే ఎత్తను.

పంపాక కొత్త సెమిస్టర్ రిజల్ట్స్ వచ్చి గ్రేడు పెరిగితే, అప్‌డేట్లు తీసుకుంటారేమో అడ్మిషన్స్ పేజీలో చూసి, మెమో జతచేసి రెండు లైన్ల మెయిల్ పెట్టండి. అప్లికేషన్ నంబరు సబ్జెక్ట్ లైన్లో రాయండి. పాత వివరణ మళ్లీ రాయక్కర్లేదు, అది వాళ్ల ఫైల్లోనే ఉంది.