కీప్యాడ్ ఫోన్‌కి మారాలా వద్దా? తేల్చుకునే ముందు ఇలా చేసి చూడండి

మా ఇల్లు గుంటూరు బ్రాడీపేటలో, ఉద్యోగం విజయవాడలో. పొద్దున బస్సెక్కి సీట్లో కూర్చోగానే చెయ్యి జేబులోకి పోయేది. తలెత్తేసరికి కనకదుర్గ వారధి దాటేసి ఉండేవాళ్లం. ఒక వర్షాకాలం సాయంత్రం మా అమ్మ అడిగింది: "బ్యారేజీ గేట్లు ఎత్తారటగా, చూశావా నాన్నా? నీళ్లు బాగా ఉన్నాయా?" రోజూ రెండుసార్లు కృష్ణ మీదుగా వెళ్లే నాకు, నదిలో నీళ్లున్నాయో ఇసుక ఉందో తెలియలేదు. చాలా బాధనిపించింది.

మర్నాడే కీప్యాడ్ ఫోన్ కొన్నాను. తొమ్మిదో రోజుకి మళ్లీ స్మార్ట్‌ఫోన్‌కే వచ్చాను. లోపం నా పట్టుదలలో ఉందని చాలాకాలం అనుకున్నాను, కానీ అది కాదు. స్మార్ట్‌ఫోన్ చేసే పనులన్నిటినీ ఒక్కసారిగా రోడ్డున పడేశాను, వేటికీ వేరే చోటు చూపించలేదు. రెండోసారి ఒక్కో పనికీ చోటు చూసుకుని మారాను. మీరు మారాలో వద్దో కూడా ఆ లెక్క వేస్తేనే తెలుస్తుంది.

మొదట, వారం రోజులు రాయండి

చిన్న నోట్‌బుక్ జేబులో పెట్టుకోండి. ఫోన్ తీసినప్పుడల్లా ఎందుకు తీశారో ఒక్క ముక్క రాయండి. రోజుకి ఎన్ని గంటలు చూశామన్నది ఫోన్ సెట్టింగ్స్‌లోనే కనిపిస్తుంది కానీ, ఆ అంకె చూస్తే టెన్షన్ పెరగడం తప్ప నిర్ణయానికి పనికిరాదు. మనకి కావలసింది పనుల జాబితా. "పాలకి డబ్బులు", "అన్నయ్యకి లొకేషన్", "పాప స్కూల్ మెసేజ్", "ఊరికే". ఇలా రాస్తే చాలు.

మీ ఫోన్‌తో ఇంట్లోవాళ్లు చేసుకునే పనులు కూడా రాయండి. అమ్మ అమెరికాలో ఉన్న మా అక్కతో వీడియో కాల్ మాట్లాడేది నా ఫోన్‌లోనే. మొదటిసారి ఆ సంగతే మరిచిపోయాను. ఇది మీ ఒక్కరి నిర్ణయం కాదు, రాత్రి భోజనాల దగ్గర ఆ పుస్తకం అందరి ముందూ తెరవండి.

వారం తర్వాత "ఊరికే" అన్న మాట పక్కన గీత పెట్టి లెక్కపెట్టండి. నా పుస్తకంలో సగానికి పైగా అవే. మీకు చాలా తక్కువ వస్తే ఇక్కడితో ఆగిపోవచ్చు, మీకు ఫోన్ మార్చే అవసరం లేదు. నోటిఫికేషన్లు కట్టేసుకుంటే సరిపోతుంది.

మీ ఉద్యోగం ఒప్పుకుంటుందా?

డెలివరీ, క్యాబ్ పనుల్లో ఉన్నవాళ్లకి, హాజరు యాప్‌లో ముఖం చూపించాల్సిన ప్రభుత్వ టీచర్లకి పూర్తిగా మానడం కుదరదు. ఇందులో తప్పేమీ లేదు. వాళ్లు స్మార్ట్‌ఫోన్‌ని పని ఫోన్‌గా ఉంచుకుని, పనయ్యాక పెట్టెలో పెట్టి, సొంత నంబరు కీప్యాడ్‌లో వాడుకోవచ్చు.

డబ్బు సంగతి ముందు తేల్చుకోండి

అన్నిటికన్నా ఎక్కువ మంది వెనక్కి వచ్చేది ఇక్కడే. పటమట రైతు బజార్‌లో వంకాయలు తూచాక "స్కానర్ ఉంది, కొట్టండి" అంటారు. మీ చేతిలో స్కాన్ చేసే ఫోన్ ఉండదు, జేబులో ఐదు వందల నోటు ఒక్కటే ఉంటుంది. అమ్మే ఆవిడ దగ్గర చిల్లర ఉండదు. నాకు సరిగ్గా ఇదే జరిగింది.

కీప్యాడ్ ఫోన్‌తోనూ యూపీఐ చేయొచ్చు. రిజర్వ్ బ్యాంక్ 2022 మార్చిలో యూపీఐ 123పే అనే పద్ధతి తెచ్చింది. 080-45163666 నంబరుకి కాల్ చేసి, భాష ఎంచుకుని, చెప్పినట్టు అంకెలు నొక్కుతూ పోతే అవతలివాళ్ల ఫోన్ నంబరుకి డబ్బు వెళ్తుంది. ఒక్కోసారికి 5,000 రూపాయలున్న పరిమితిని తర్వాత 10,000కి పెంచారు. ఇంకోటి *99#. ఇంటర్నెట్ అక్కర్లేదు, డయల్ చేస్తే మెనూ వస్తుంది, ఒక్కోసారికి 5,000 దాకా పంపొచ్చు. దీని చార్జీని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2022లో ఎత్తేసింది. రెండిటికీ బ్యాంకులో ఉన్న నంబరు సిమ్మే ఫోన్‌లో ఉండాలి. మీ సిమ్‌లో పనిచేస్తున్నాయో లేదో ఇంట్లో పది రూపాయలు పంపి చూసుకోండి, కొట్టు ముందు నిలబడి కాదు.

నిజం చెప్పాలంటే, వెనక నలుగురు నిలబడి ఉంటే ఈ కాల్ పద్ధతి నడవదు. నేను దాన్ని ఇంటి అద్దెకీ పెద్ద మొత్తాలకీ వాడతాను. మిగతా అంతా నగదే. వారానికోసారి ఏటీఎంలో తీసి, మా వీధి కిరాణా కొట్టులో పదులు, ఇరవైలు, యాభైలుగా మార్చుకుంటాను. వాళ్లకి పెద్ద నోట్లు, నాకు చిల్లర, ఇద్దరికీ సరిపోతుంది. ఈ ఒక్క అలవాటు కుదరకపోతే కీప్యాడ్ ఫోన్ మీ దగ్గర నిలవదు. అందుకే ఫోన్ కొనకముందే రెండు వారాలు నగదుతో బతికి చూడండి.

ఇంకో మాట. ఆర్‌టీఓ చలాన్ అంటూ వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (తెరిస్తే ఫోన్‌లో యాప్ ఎక్కించేది) పంపి, అది తెరిచినవాళ్ల ఓటీపీలు లాగేసే మోసాలు జరుగుతున్నాయి. బ్యాంకు నంబరు సాదా కీప్యాడ్ ఫోన్‌లో ఉంటే ఆ ఫైళ్లు అందులో ఎక్కవు. పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది మారడానికి పెద్ద కారణమని నా అభిప్రాయం. మామూలు కాల్‌లో ఓటీపీ అడిగే మోసగాళ్లు మాత్రం ఉంటూనే ఉంటారు. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

వాట్సాప్ ఎక్కడ ఉంచాలి

మా పాప స్కూల్ సెలవు కబురు గ్రూపులో మాత్రమే పెట్టింది. నేను చూడలేదు. వానలో పాపని తీసుకెళ్లి మూసిన గేటు ముందు నిలబడ్డాను. తొమ్మిదో రోజున వెనక్కి వచ్చింది దీనివల్లే.

ఇప్పుడు స్కూల్ గ్రూపు మా ఆవిడ ఫోన్‌లో ఉంది. మా పాత స్మార్ట్‌ఫోన్ హాల్లో టీవీ పక్కన, ఒకప్పుడు ల్యాండ్‌లైన్ ఉండే చోట, వైఫైతో ఉంటుంది. అందులో వాట్సాప్ వేరే నంబరు మీద నడుస్తుంది. ఆ సిమ్ కూడా ఆ ఫోన్‌లోనే ఉంచాం. అక్కతో వీడియో కాల్, వాట్సాప్‌లోనే ప్రభుత్వ సేవలు ఇచ్చే "మన మిత్ర", చుట్టాల గ్రూపులు అన్నీ అక్కడే. నిలబడి చూసుకుని వచ్చేస్తాం. "మన మిత్ర"లో దొరికే పనులు చాలావరకు వార్డు సచివాలయంలోనో మీసేవలోనో కూడా అవుతాయి. గ్యాస్ కాల్‌తో బుక్ అవుతుంది, డెలివరీ కోడ్ మెసేజ్‌గా వస్తుంది.

దగ్గరివాళ్లకి మాత్రం ఒక్కొక్కరికీ మీరే ఫోన్ చేసి చెప్పండి: "అర్జెంటయితే కాల్ చెయ్యి, మెసేజ్ పెట్టి ఊరుకోకు." గ్రూపులో పోస్ట్ పెడితే ఎవరూ గుర్తుంచుకోరు.

ఫోన్ కొనేటప్పుడు

జియోకి 2జీ నెట్‌వర్క్ లేదు. జియో సిమ్ అయితే 4జీ కీప్యాడ్ ఫోనే తీసుకోవాలి. జియోఫోన్ లాంటి వాటిలో వాట్సాప్ వస్తుందని ఎవరైనా చెబితే నమ్మి కొనకండి, 2024 జూన్ నుంచి ఆ ఫోన్లకి కొత్తగా వాట్సాప్ ఇవ్వడం మానేశారు. కొట్టులోనే మీ సిమ్ వేసి, తెలుగులో ఒక మెసేజ్ పంపించుకుని, అక్షరాలు సరిగ్గా కనిపిస్తున్నాయో చూడండి. స్పీకర్ శబ్దం ఏలూరు రోడ్డు ట్రాఫిక్‌లో వినబడాలి, కాబట్టి బయటికి తెచ్చి వినండి.

సిమ్ సైజు విషయం జాగ్రత్త. స్మార్ట్‌ఫోన్‌లోది చిన్న సిమ్, చాలా కీప్యాడ్ ఫోన్లలో గాడి పెద్దది. అడాప్టర్ అని ప్లాస్టిక్ ముక్క దొరుకుతుంది, అది చాలు. దానికోసం అదే నంబరుకి కొత్త సిమ్ తీసుకుంటే మొదటి 24 గంటలు మెసేజ్‌లు ఆపేస్తారు, ఓటీపీలు రావు. రీఛార్జ్‌కి డేటా కొననక్కర్లేదు. ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించాక కంపెనీలు కాల్స్, మెసేజ్‌ల వరకే ప్లాన్లు తెచ్చాయి, అవి అడిగి వేయించుకోండి.

కాగితాలు

డిజీలాకర్ చూపించే అలవాటు పోతుంది కనుక లైసెన్సు, ఆర్‌సీ, ఆధార్ కార్డులు పర్సులోకి రావాలి. ముఖ్యమైన ఫోన్ నంబర్లు పుస్తకంలో రాసుకోండి. ఈమెయిల్ తెరవడానికి స్మార్ట్‌ఫోన్‌లో "అవును" నొక్కే పద్ధతి ఉంటే, దాన్ని ముందే మెసేజ్ కోడ్‌కి మార్చండి. దారుల గురించి ఎక్కువ కంగారు వద్దు. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో ఫలానా లైను, ఫలానా అడ్డరోడ్డు అంటే మ్యాప్ అక్కర్లేకుండా చేరిపోతాం. విజయవాడలో కొత్త చోటికైతే బయల్దేరే ముందు ఫోన్ చేసి గుర్తులు అడుగుతాను, దిగాక ఆటోవాళ్లని అడుగుతాను.

పద్నాలుగు రోజుల పరీక్ష

నెల మొదట్లో మొదలుపెట్టండి, అద్దె, ఫీజులు, పాల బిల్లు అన్నీ ఈ రోజుల్లోనే వస్తాయి. పండగలో, పెళ్లిలో మొదలుపెట్టకండి. మొదటి మూడు నాలుగు రోజులు చెయ్యి ఊరికే జేబులోకి పోతుంది, ఆ రోజుల్లో ఏమీ తేల్చకండి. అప్పుడు కీప్యాడ్ ఫోన్‌లో ఎఫ్ఎం పెట్టుకుని ఆకాశవాణి విజయవాడ వినడం నాకు బాగా సాయపడింది. ఇయర్‌ఫోన్ తీగే దానికి ఏరియల్, మరిచిపోకండి.

ఆగిపోయిన పని ప్రతిదీ అదే నోట్‌బుక్‌లో రాయండి, ఎవరికి ఇబ్బంది అయిందో కూడా. పద్నాలుగో రోజు చూడండి. ఇబ్బంది మీకే అయి, దానికి దారి దొరికి ఉంటే మారిపోండి. మీ పనులన్నీ భార్య మీదో, కొడుకు మీదో పడి ఉంటే, మారింది మీరు కాదు, మీ బరువు వాళ్ల ఫోన్‌లోకి మారింది. అప్పుడు వెనక్కి రండి, లేదా మాలాగా ఒక ఫోన్‌ని హాల్లో కట్టేసి ఉంచండి.

మారినా మూడు నెలల దాకా పాత ఫోన్ అమ్మకండి. ఆ తర్వాత అమ్మాలనుకుంటే, ఫొటోలు కాపీ చేసుకుని, యూపీఐ యాప్‌లలో ఖాతాలు తీసేసి, గూగుల్ అకౌంట్ లాగౌట్ చేసి, అప్పుడు ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఈ వరుస తప్పితే కొన్నవాళ్లు ఫోన్ తెరవలేక మళ్లీ మీ పాస్‌వర్డ్ కోసం వస్తారు.