‘ఊపిరి’కి మూలమైన ‘ఇంటచబుల్స్’ని ఎలా చూడాలి

మెడ కింద చలనం లేని కోటీశ్వరుడు ఫిలిప్, ఆయన్ని చూసుకోవడానికి వచ్చిన డ్రిస్‌ల కథ ఈ ఫ్రెంచ్ సినిమా. నిడివి 112 నిమిషాలు. మధ్యలో ఆపాల్సిన అవసరం రాని రోజు చూసుకుని కూర్చోండి. ప్లే నొక్కగానే ఆడియో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఫ్రెంచ్ పెట్టుకోండి, సబ్‌టైటిల్స్ ఇంగ్లిష్‌లో ఉంచండి. డబ్బింగ్‌లో చూస్తే సగం సినిమా పోతుంది. డ్రిస్‌గా ఒమర్ సీ గొంతులో పారిస్ శివారు కాలనీల దూకుడు ఉంటుంది. ఫిలిప్‌గా ఫ్రాంస్వా క్లూజే మాటలో పెద్దింటి నిదానం ఉంటుంది. ఆ రెండూ ఎదురెదురుగా వినిపిస్తేనే నవ్వు పుడుతుంది.

సబ్‌టైటిల్స్ మాట కంటే ముందో వెనకో పడుతుంటే, కంప్యూటర్లో వీఎల్‌సీ ప్లేయర్ వాడేవాళ్లు జీ, హెచ్ కీలు నొక్కండి. ముందే పడుతుంటే హెచ్, ఆలస్యమైతే జీ. ఒక్కో నొక్కుకు 50 మిల్లీసెకన్లు జరుగుతుంది. మొదట్లో సరిగ్గా ఉండి పోనుపోను తేడా పెరుగుతోందంటే అది వేరే సమస్య. యూరప్ డీవీడీల్లో సినిమా సెకనుకు 25 ఫ్రేములతో నడుస్తుంది, అందుకే 108 నిమిషాల లోపే అయిపోతుంది. 24 ఫ్రేముల ప్రింటుకు చేసిన సబ్‌టైటిల్ ఫైలు దానికి అతకదు. ఆ కీలతో కుస్తీ పట్టకుండా ఫైలే మార్చండి.

పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఫ్రెంచిలో ఆ మాటకు అంటరానివాళ్లు అన్న అర్థమూ ఉంది, ఎవరూ చెయ్యి వేయలేనంత ఎత్తులో ఉన్నవాళ్లు అన్న అర్థమూ ఉంది. మెడ కింద చలనం లేని కోటీశ్వరుడికీ, జైలు నుంచి వచ్చిన కుర్రాడికీ రెండూ వర్తిస్తాయి.

మొదటిసారి అందరి కళ్లూ ఒమర్ సీ మీదే ఉంటాయి. 2012లో ఉత్తమ నటుడిగా ఫ్రాన్స్ సినిమా అవార్డు ‘సీజర్’ ఆయనకే వచ్చింది, న్యాయమే. కానీ రెండోసారి చూసేటప్పుడు పట్టుబట్టి క్లూజే మొహాన్నే చూడండి. ఆయనకు నటించడానికి మిగిలింది మెడ పైభాగమే. టీ సీన్ తీసుకోండి. కాలి మీద వేడి వేడి టీ ఒలికినా ఫిలిప్ ఉలకడు, పలకడు. డ్రిస్‌కి నమ్మకం కుదరక మళ్లీ పోస్తాడు. డ్రిస్‌లో ఇసుమంతైనా జాలి లేదు, ఫిలిప్‌కి కావలసిందీ అదే. దర్శకులు ఒలివియే నకాష్, ఎరిక్ తొలెడానో సినిమా మొత్తాన్నీ నిలబెట్టింది దీని మీదే. సంగీతం పెంచి ఏడిపించే అవకాశం చాలాచోట్ల ఉన్నా వాళ్లు వాడుకోలేదు.

మొదటి సీన్‌లో రాత్రి కారు ప్రయాణం, పోలీసుల వెంటబాటు వస్తాయి. అప్పుడు ఫిలిప్ గడ్డం గుర్తుపెట్టుకోండి. కథ అక్కడి నుంచి వెనక్కి వెళ్లి, చివర్లో మళ్లీ ఆ రాత్రికే వస్తుంది. గడ్డం ఎందుకు పెరిగిందో తెలిశాక ఆ సీన్ వేరేగా కనిపిస్తుంది.

సబ్‌టైటిల్ మోయలేని జోకు ఒకటుంది. చేతులు లేకపోతే చాక్లెట్ లేదు అంటాడు డ్రిస్. అది ఫ్రాన్స్‌లో అందరికీ తెలిసిన పాత జోకు, మనకు మాత్రం కటువుగా తగులుతుంది. గంజాయి తాగే సీన్లు, మొరటు మాటలు కూడా ఉన్నాయి. చిన్నపిల్లలతో కూర్చునే ముందు ఆలోచించుకోండి.

2016లో వంశీ పైడిపల్లి తీసిన ‘ఊపిరి’ని ముందే చూసినవాళ్లు కనీసం వారం విరామం ఇవ్వండి. లేకపోతే ప్రతి సీన్‌లో నాగార్జున, కార్తీలే కళ్లముందు మెదులుతారు. తర్వాత పోల్చాలనుకుంటే సెక్రటరీ పాత్రతో మొదలుపెట్టండి. ఫ్రెంచిలో డ్రిస్ ఆమె వెంట ఎంత పడినా ప్రేమకథ లేదు, ఎందుకు లేదో చివర్లో తెలుస్తుంది. తెలుగులో తమన్నా పాత్ర ప్రేమకథలో భాగమైంది. నిడివి పెరిగింది ఇలాంటి చోట్లే. ఆ కుర్రాడు గీసే పెయింటింగ్ చుట్టూ నడిచే సరదా మాత్రం రెండింట్లోనూ పండింది.

పేర్లు పడటం మొదలవగానే రిమోట్ అందుకోకండి. లుడోవికో ఐనౌడీ పియానో వినిపిస్తుండగా అసలు మనుషులు కనిపిస్తారు: 1993లో పారాగ్లైడింగ్ ప్రమాదానికి గురైన ఫిలిప్ పొజ్జో ది బోర్గో, ఆయన్ని చూసుకున్న అబ్దెల్ సెల్లూ. అబ్దెల్‌ది అల్జీరియా మూలం, సినిమాలో డ్రిస్‌ని సెనెగల్ వాడిగా మార్చారు.