ఆఫ్‌రోడ్ రేసింగ్ గేమ్ కొనే ముందు రివ్యూలు ఎలా చదవాలి?

విమర్శకుల మార్కుల సగటు చూపే మెటాక్రిటిక్ వెబ్‌సైట్‌లో వందకి 90 దాటిన నంబరు కనపడగానే యూపీఐ కొట్టేసి, ఇంటికి పండక్కొచ్చిన బావలూ తమ్ముళ్లూ సోఫాలో కూర్చున్నాక ఇది ఒక్కరే ఆడే గేమ్ అని తెలిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. రివ్యూ రాసినాయన తప్పేం లేదు, ఆయనకి మన ఇల్లు తెలీదంతే.

1. ముందు మీ అవసరం రాసుకోండి

ఎంతమంది ఆడతారు, చేతిలో ఉండేది గేమ్‌ప్యాడా స్టీరింగ్ వీలా, నెట్ ఎలా ఉంటుంది అన్న మూడూ చాలు. ఫోర్జా హొరైజన్ 5 (2021)కి ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ మీద విమర్శకుల సగటు 92, కానీ ఒకే టీవీ మీద ఇద్దరు ఆడే వీలు అందులో లేదు. 2020లో వచ్చిన డర్ట్ 5కి లోతు తక్కువని చాలామంది విమర్శకులు పెదవి విరిచారు, మార్కులూ తక్కువే పడ్డాయి. అయినా అందులో తెర నాలుగు ముక్కలు చేసి నలుగురు ఆడొచ్చు. సంక్రాంతికి ఏది కావాలో మీరే చెప్పండి.

నెట్ సంగతి కూడా చిన్నదేం కాదు. డర్ట్ ర్యాలీ 2.0 (2019)లో కెరీర్ (ఒక్కడే వరసగా పోటీలు ఆడుకుంటూ పైకెళ్లే భాగం) ఆడాలంటే నెట్ ఉండాల్సిందేనని ఆటగాళ్లు గట్టిగానే గొడవ చేశారు. తుపాను వస్తే కోనసీమలో కరెంటూ నెట్టూ ఎప్పుడొస్తాయో మనకి తెలుసు కదండీ, ఆ ఫిర్యాదుని మీరు తేలిగ్గా తీసుకోకండి.

2. నంబరు దేన్ని కొలుస్తోందో చూడండి

మెటాక్రిటిక్ సగటులో అన్ని పత్రికలకీ ఒకే బరువు ఉండదు. గేములకైతే 75, ఆపైన ఆకుపచ్చ, 50 కంటే తక్కువైతే ఎరుపు. కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కనపడే శాతం లెక్క వేరు, ఎంతమంది సిఫార్సు చేశారన్నదే అది చెబుతుంది, ఎంత నచ్చిందో కాదు.

3. తిట్లు ముందు చదవండి

పొగడ్తలు అన్నిచోట్లా ఒకేలా ఉంటాయి, పనికొచ్చే కబురంతా తిట్లలోనే ఉంటుంది. మోటార్‌స్టార్మ్‌నే తీసుకోండి. 2006లో జపాన్‌లో ముందు విడుదలైన ఈ ప్లేస్టేషన్ 3 గేమ్‌లో బురద చూసి విమర్శకులు తెగ మెచ్చుకున్నారు. అదే నోటితో ట్రాకులు ఎనిమిదేనా అన్నారు, బండి ఎంచుకునేటప్పుడు లోడింగ్ కోసం కాచుకోలేక విసుక్కున్నారు, ఒకే టీవీ మీద ఇద్దరు ఆడలేకపోవడమేమిటన్నారు. 2008లో వచ్చిన తర్వాతి భాగం పసిఫిక్ రిఫ్ట్‌లో నలుగురికి తెర పంచారు.

4. బురదని మీరే పరీక్షించండి

ఇక్కడ మనం విమర్శకుల కంటే ఓ మెట్టు పైనే. దమ్ము చక్రాలు వేసిన ట్రాక్టర్ చేలో దిగినప్పుడు చూసిన కళ్లండీ ఇవి: చక్రం ఊరికే తిరిగితే బండి ముందుకెళ్లదు, ఇంకా కిందికి దిగుతుంది, వెనకాల చాళ్లలోకి నీళ్లు మెల్లగా ఊరతాయి. రివ్యూ వీడియోలో మాటలు మ్యూట్ చేసి రెండో ల్యాప్ చూడండి. మొదటి ల్యాప్‌లో పడిన గాళ్లు అలాగే ఉన్నాయా, వాటిలో పడితే బండి పక్కకి లాగుతోందా? మోటార్‌స్టార్మ్‌లో గాళ్లు ఉండిపోతాయి, అందుకే అంత పేరు. స్నోరన్నర్ (2020) బురద ఇంకా బాగుంటుంది గానీ అది రేసు కాదు, లారీని వించితో (తాడు చుట్టి లాగే యంత్రంతో) ఈడ్చుకుంటూ సరుకు చేర్చే ఆట. ఆ నిదానం నచ్చక తక్కువ మార్కులిచ్చిన రివ్యూ మీకు వర్తించకపోవచ్చు.

5. "అతిపెద్ద మ్యాప్" అంటే ఆగండి

ఫ్యూయల్ (2009) మ్యాప్ దాదాపు 14,400 చదరపు కిలోమీటర్లు, గిన్నిస్ రికార్డు కూడా వచ్చింది. పాత పశ్చిమ గోదావరి జిల్లా మొత్తం 7,742. అంటే ఏలూరు నుంచి నరసాపురం దాకా ఉన్నదంతా రెండుసార్లు పరిచినంత జాగా దాదాపుగా అన్నమాట. కానీ చాలామంది విమర్శకులు ఖాళీగా ఉందనే అన్నారు.

6. తేదీ చూసి కొనండి

విడుదల రోజు రాసిన రివ్యూలో ఉన్న బగ్గులు ఈపాటికి పోయి ఉండొచ్చు, కాబట్టి స్టీమ్‌లో "ఇటీవలి" రివ్యూలు చూడండి. అక్కడ కొంటే 14 రోజుల్లోపు, 2 గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. మెనూ తెరిచి ఉన్నా ఆ గడియారం తిరుగుతూనే ఉంటుంది, అందుకని బండికి రంగులేసే పని తర్వాత పెట్టుకుని నేరుగా బురద ట్రాక్‌లోకి దిగండి.